ఫ్రిస్కోలో మొదటి ఫ్రాస్ట్ (గడ్డమంచు): ఇంట్లో ఉన్నవాటితో కూరమడికి చలికప్పు చేసుకోవచ్చా?

ఫ్రిస్కో నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మేము జూన్‌లో ఖమ్మం నుంచి ఇక్కడికి, టెక్సాస్‌లో డల్లాస్ దగ్గరికి వచ్చాం, అద్దె ఇల్లు. వెనక నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున మడి చేసి గోంగూర, వంగ, పచ్చిమిరప, మెంతి వేశాను. వంగకి ఇప్పుడిప్పుడే పిందెలు పడుతున్నాయి. కుండీలో కరివేపాకు మొక్క కూడా ఉంది. రేపు రాత్రి 30 డిగ్రీల ఫారన్‌హీట్ (నీళ్లు గడ్డకట్టే చలి) అని ఫోన్‌లో చూపిస్తోంది. ఫ్రాస్ట్ క్లాత్ (మొక్కల్ని చలి నుంచి కాపాడే గుడ్డ) ఆర్డర్ పెడితే శుక్రవారానికి గానీ రాదట. ఇంట్లో ఉన్నవాటితో ఏదైనా చేయొచ్చా? టెన్షన్‌గా ఉంది.

ఇర్వింగ్ నుంచి:
చెల్లీ, కప్పు సంగతి తర్వాత. మీ ఇల్లు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) కిందకి వస్తుందా? మీ ఓనరుకి తోట సంగతి తెలుసా? ముందు ఇవి చూసుకో.

2019లో మేమూ అద్దె ఇంట్లోనే ఉండేవాళ్లం. మూల ఇల్లు, పక్కన ఇనుప కంచె, వీధిలోంచి యార్డంతా కనిపించేది. మా ఆయన రెండు రోజులు కష్టపడి పైపులు వంచి, తెల్ల ప్లాస్టిక్ కప్పి, చిన్న గుడారంలా కట్టారు. లోపల ఆనప, బీర, రెండు వంగ మొక్కలు. పది రోజులకి హెచ్‌ఓఏ నుంచి ఉత్తరం వచ్చింది, అదీ మాకు కాదు, ఓనరుకి. ‘అనుమతి లేని నిర్మాణం’ అని రాశారు. ఆయన రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, లీజులో యార్డు మార్చకూడదని ఉంది, ఫైన్ పడితే డిపాజిట్‌లో పట్టుకుంటానన్నారు. ఇది చలికి కప్పిన గుడ్డలాంటిదండీ, మార్చిలో తీసేస్తామని ఎంత చెప్పినా వినలేదు. హెచ్‌ఓఏ ఆఫీసుకి ఫోన్ చేస్తే, ఓనరుతోనే మాట్లాడతాం, అద్దెకున్నవాళ్లతో మాట్లాడం అన్నారు. చివరికి ఒక ఆదివారం విప్పేశాం. మంగళవారం రాత్రి ఫ్రీజ్ వచ్చింది. పొద్దున చూస్తే ఆనప తీగ ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లగా వేలాడుతోంది. అంత కాపు మీదున్న తీగ. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుకే చెప్తున్నాను. ఓనరుకి ఈరోజే ఫోటోతో ఈమెయిల్ పెట్టు. సాయంత్రం కప్పి పొద్దున తీసేసేదే కట్టుకో.

ఆలెన్ నుంచి:
అక్కా, అప్పుడే చట్టం చూపించాల్సింది. టెక్సాస్‌లో కూరతోట మీద హెచ్‌ఓఏకి ఏ అధికారమూ లేదు.

ఇర్వింగ్ నుంచి:
అలా లేదు తమ్ముడూ, నేను చదివాను. ప్రాపర్టీ కోడ్ 202.007లో ఉన్నది కంపోస్టు, వాననీటి డ్రమ్ములు, డ్రిప్, నీళ్లు తక్కువ తాగే మొక్కల గురించి. అవి పెట్టుకోవద్దని పూర్తిగా నిషేధించకూడదని ఉంది. చలికప్పుల మాట అందులో లేదు. మాకు పనికొచ్చేది 209.006. ఫైన్ వేసే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, హియరింగ్ అడిగే హక్కు ఉంటుంది. ఆ హక్కూ ఓనరుదే, అద్దెకున్నవాళ్లది కాదు.

ప్లేనో నుంచి:
అమ్మాయి అడిగింది రేపు రాత్రి గురించండీ. ఆ ఉత్తరాల సంగతి వేరే మాట్లాడుకుందాం.

చూడమ్మా, కప్పు దానంతటది వేడి పుట్టించదు. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి పైకి పోతుంది. మబ్బు, గాలి లేని రాత్రి మరీ త్వరగా పోతుంది. దాన్ని మొక్క చుట్టూ ఆపడమే కప్పు పని. కాబట్టి గుడ్డ అన్ని వైపులా నేలని తాకాలి. చాలామంది మొక్క తలకి గుడ్డ చుట్టి కాండానికి తాడు కడతారు. నేల వేడి బయటే ఉండిపోతుంది, ఏమీ లాభం లేదు.

అర అంగుళం పీవీసీ పైపులు, పదేసి అడుగులవి మూడు తెచ్చుకో. మడికి రెండు పక్కలా రెండడుగుల ఇనుప ఊచల్ని సగం దిగేలా కొట్టి, వాటి మీద పైపు చివరలు తొడుగు. మధ్యలో నాలుగడుగుల ఎత్తు వస్తుంది, వంగమొక్కకి చాలు. చివర్లలో రెండు, మధ్యలో ఒకటి.

ఇక పైన కప్పడానికి పాత నేత చీరలు తీయి. అయిదున్నర మీటర్లంటే పద్దెనిమిది అడుగులు. పైపు మీదుగా అడ్డంగా వేస్తే రెండు వైపులా నాలుగేసి అడుగులు నేల మీద మిగులుతుంది, దానిపై ఇటుకలు పెట్టు. అంచులు ఒకదానిమీద ఒకటి పడేలా మూడు చీరలు. పైన రెండు మందపాటి దుప్పట్లు, బట్టల క్లిప్పులతో కలుపు. రెండు చివర్లూ దుప్పటితో మూసెయ్. అక్కడ తెరిచి ఉంటే చేసిందంతా వృథా.

పగలు మడికి బాగా నీళ్లు పెట్టు, తడి నేల వేడి ఎక్కువ నిలుపుకుంటుంది. ఆకులు మాత్రం తడపకు. పాల గ్యాలన్ డబ్బాల్లో నీళ్లు నింపి ఎండలో ఉంచి, చీకటి పడకముందే లోపల పెట్టు. కప్పడం కూడా పొద్దు గుంకే లోపే అయిపోవాలి.

మెంతికి ఈ మాత్రం చలి ఏం చేయదు. గోంగూర, వంగ, మిరపే సున్నితం. కరివేపాకుని గరాజ్‌లోకి తెచ్చెయ్, బయట పెట్టి కాపాడుతూ కూర్చోవద్దు.

కేటీ నుంచి:
పదేళ్లుగా నేను ప్లాస్టిక్ షీటే వాడుతున్నాను, ఏమీ కాలేదు. దుప్పటి వానకి తడిస్తే బరువెక్కి మొక్కని విరిచేస్తుంది.

ప్లేనో నుంచి:
వాన వస్తే గుడ్డ మీద ప్లాస్టిక్ వేయొచ్చండీ. ఆకుకి తగిలితేనే ఇబ్బంది, తగిలిన చోటల్లా కాలిపోయినట్టు మచ్చ పడుతుంది. ఎండ వచ్చాక తీయకపోతే లోపల ఉడికిపోతాయి. మీకు హ్యూస్టన్ పక్కన మాకంటే చలి తక్కువ, అదీ చూసుకోవాలి కదా.

కేటీ నుంచి:
తక్కువే. కానీ 2021 ఫిబ్రవరిలో ఆ ఘోరమైన చలి మాకూ వచ్చింది. ఆ వారం ఏ కప్పూ పనిచేయలేదు.

ప్లేనో నుంచి:
అది వేరు. ఫిబ్రవరి 16న డల్లాస్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారన్‌హీట్, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 19. కరెంటు కూడా లేదు. అప్పుడు మా గరాజ్‌లోని కరివేపాకు కూడా పోయింది. చీరలు నాలుగైదు డిగ్రీలు ఆపగలవు, అంతే. రేపు రాత్రికి అవి చాలు.

అమ్మాయీ, ఒకటి మర్చిపోయాను. ఫోన్‌లో 36 చూపించినా ఫ్రాస్ట్ పట్టొచ్చు. ఆ లెక్క నేలకి అయిదడుగుల పైన కొలిచింది, నేల దగ్గర ఇంకా చల్లగా ఉంటుంది. డిసెంబరులో అది నమ్మి పడుకోకు.

ఫ్రిస్కో నుంచి:
నిన్న రాత్రి 29 దాకా వెళ్లింది. మా అమ్మ ఇచ్చిన మంగళగిరి చీరలు రెండు, నాది ఒకటి వేశాను. ఎనిమిదిన్నరకి 35 అయ్యాక తీశాను. వంగ, మిరప ఆకులు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తూర్పు చివర దుప్పటి గాలికి తొలిగింది, అక్కడున్న నాలుగు గోంగూర మొక్కలు నల్లబడ్డాయి. మిగతా గోంగూర ఈరోజే కోసి పచ్చడి పెడుతున్నాను. ఓనరుకి ఈమెయిల్ పెట్టాను అక్కా, ‘ఓకే’ అని జవాబిచ్చారు. అందరికీ చాలా థాంక్స్.

ఇర్వింగ్ నుంచి:
ఆ జవాబు ప్రింట్ తీసి దాచుకో చెల్లీ.