ఇంట్లో షుగరు చూసుకోవడం నేర్చుకుంటున్నాను: మీటరు చూపే ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి

అందరికీ నమస్కారం. నా వయసు 61 సంవత్సరాలు. పదకొండేళ్లుగా మాత్రలతో నెట్టుకొస్తున్న మధుమేహానికి గత నెలలో మా డాక్టరుగారు రాత్రి పడుకునే ముందు ఒక ఇన్సులిన్ మోతాదు కూడా జతచేసి, ప్రతిరోజూ పరగడుపున, వారానికి రెండుసార్లు భోజనమైన రెండు గంటలకు ఇంట్లోనే షుగరు చూసుకుని పుస్తకంలో రాసి తీసుకురమ్మన్నారు. మా అబ్బాయి గ్లూకోమీటరు కొని తెచ్చి, ఒకసారి చేసి చూపించి హైదరాబాదు వెళ్లిపోయాడు. అప్పటినుంచి నేనొక్కదాన్నే తంటాలు పడుతున్నాను.

సూది భయం తగ్గింది కానీ రక్తం సరిగా రావడం లేదు. వేలి కొసను గట్టిగా పిండితే చిన్న చుక్క వస్తుంది, అది చాలక మీటరు ఎర్రర్ చూపిస్తుంది, ఒక స్ట్రిప్పు వృథా అవుతుంది. మొన్న ఉదయం అనుమానం వచ్చి ఐదు నిమిషాల తేడాతో రెండుసార్లు చూస్తే ఒకసారి 142, మరోసారి 158 వచ్చింది. మరొక రోజు పరగడుపున ల్యాబుకు మీటరు వెంట తీసుకువెళ్లి, రక్తం ఇచ్చిన వెంటనే అక్కడే చూసుకుంటే మీటరు 146 చూపింది, ల్యాబు వారి కాగితంలో 131 వచ్చింది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది ఆదివారం సాయంత్రం. మనవడికి బంగినపల్లి పండ్లు కోసి పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, రాత్రి భోజనానికి ముందు చూసుకుంటే 298 వచ్చింది. నేను ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు. ఆ అంకె చూసి హడలిపోయి భోజనం మానేశాను, ఇన్సులిన్ మాత్రం వేసుకున్నాను. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి మెలకువ వచ్చింది. అప్పుడు షుగరు చూసుకోవాలని తోచలేదు, కాసిన్ని పాలు తాగి పడుకున్నాను. మీటరు పాడైపోయిందా, లేక నేను చేసే పద్ధతిలోనే తప్పుందా? అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్

టీచరుగారూ, నమస్కారం. మీ మీటరు బాగానే ఉన్నదని మీరిచ్చిన అంకెలే చెబుతున్నాయి. 2013 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, షుగరు 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నప్పుడు ఇంటి మీటరు ఇచ్చే ఫలితాలలో నూటికి 95 ల్యాబు విలువకు 15 శాతం అటూఇటూగా ఉండాలి. 100 లోపు ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల తేడా వరకు అంగీకరిస్తారు. 131కి 15 శాతం కలిపితే 150 అవుతుంది కనుక మీకు వచ్చిన 146 హద్దులోనే ఉంది. 142, 158 కూడా ఒకే షుగరుకు మీటరు ఇచ్చిన రెండు జవాబులుగానే తీసుకోవాలి. మీరు పరగడుపున, ల్యాబులోనే పోల్చి చూడడం చాలా మంచి పని. భోజనం తరువాత వేలి రక్తంలో గ్లూకోజు సిర రక్తంలో కంటే సహజంగానే ఎక్కువగా ఉంటుంది కనుక అప్పుడు పోల్చితే మీటరును అనవసరంగా అనుమానించవలసి వస్తుంది. రక్తహీనత ఉన్నవారిలో కూడా మీటరు కొంత ఎక్కువ చూపవచ్చు కాబట్టి మీ హిమోగ్లోబిన్ ఎంతో ఒకసారి చూసుకోండి.

ఆదివారం నాటి 298 మామిడిపండుదేనని నా గట్టి నమ్మకం. షుగరు 100 ఉన్న మనిషి రక్తంలో ఒక మైక్రోలీటరు తీసుకుంటే అందులో ఉండే గ్లూకోజు ఒక్క మైక్రోగ్రాము, అంటే గ్రాములో పది లక్షలవ వంతు మాత్రమే. స్ట్రిప్పు పీల్చుకునే చుక్క దాదాపు అంతే ఉంటుంది. వేలి గీతల్లో కంటికి కనబడని మామిడి రసం మిగిలి ఉన్నా అది ఆ చుక్కలో కలిసి అంకెను ఎక్కడికో తీసుకుపోతుంది. కొంగుతో తుడిస్తే అది పోదు. స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోతుందన్న నమ్మకం లేదు. సబ్బుతో, నీళ్లతో కడిగి, పొడి గుడ్డతో బాగా తడి తుడుచుకోవాలి. తడి మిగిలితే చుక్క పలచబడి షుగరు తక్కువ చూపుతుంది.

ఇక రక్తం రాకపోవడం గురించి. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, చేతిని అర నిమిషం కిందికి వేలాడదీయండి. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి. అక్కడ నొప్పి తక్కువ. సూది పెన్ను మీద లోతును తెలిపే అంకెలు ఉంటాయి, ఒక అంకె పెంచి చూడండి. గుచ్చిన తరువాత కొసను పిండవద్దు, ఎందుకంటే గట్టిగా పిండితే రక్తంతోపాటు కండలోని నీరు కూడా వచ్చి ఫలితం మారిపోతుంది. అరచేతి నుంచి వేలి వైపు మెల్లగా నిమురుతూ రండి, ఆవాల గింజంత చుక్క దానంతట అదే ఊరుతుంది. ఆ చుక్కకు స్ట్రిప్పు అంచును తాకిస్తే చాలు, అదే పీల్చుకుంటుంది, పైన పూయకూడదు. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించండి. మన ఎండాకాలంలో దాన్ని వంటింటి అలమరలో ఉంచవద్దు, ఫ్రిజ్‌లోనూ పెట్టవద్దు.

జవాబు: 38 ఏళ్లుగా మధుమేహంతో ఉన్న వ్యక్తి, అనంతపురం

చెల్లెమ్మా, పైన చెప్పినవన్నీ అక్షరసత్యాలు. నాకు షుగరు బయటపడిన రోజుల్లో మా ఇంట్లో ఉన్నది మూత్ర పరీక్ష ఒక్కటే. పరీక్షనాళికలో నీలంరంగు బెనెడిక్ట్ ద్రావణం ఐదు మిల్లీలీటర్లు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించి, అది ఆకుపచ్చగా మారిందా, పసుపు దాటి ఇటుకరంగుకు పోయిందా అని చూసేవాడిని. రక్తంలో సుమారు 180 దాటితే తప్ప మూత్రంలో చక్కెర కనబడదు కనుక, నీలంగానే ఉందంటే షుగరు 170 ఉందో 50 ఉందో తెలిసేది కాదు. ఈ రోజు ఐదు సెకన్లలో అంకె కనబడడం ఎంత పెద్ద వరమో ఆ దీపం ముందు కూర్చున్నవాడికే తెలుస్తుంది.

అందుకే నా మాట ఒకటి వినండి. విడిగా ఒక అంకెను చూసి బెంగపడకుండా, జతగా చూసుకోండి: తినబోయే ముందు ఒకటి, మొదటి ముద్ద పెట్టుకున్నప్పటి నుంచి రెండు గంటలు లెక్కపెట్టి మరొకటి. నాలుగు ఇడ్లీలు, కొబ్బరి చట్నీ తిన్నరోజు నా షుగరు 112 నుంచి 214కు ఎక్కింది. రెండు ఇడ్లీలు, గిన్నెడు సాంబారు, ఉడికించిన గుడ్డు తిన్నరోజు 118 నుంచి 163 దగ్గరే ఆగింది. ఏ డాక్టరూ నాకు అంత సూటిగా చెప్పలేని విషయం నా పుస్తకంలోని ఆ రెండు వరసలు చెప్పాయి. అంకె పక్కన ఏం తిన్నారో, ఎంత నడిచారో కూడా రాయండి.

జవాబు: స్టాఫ్ నర్సు, కాకినాడ

అమ్మా, అందరూ 298 గురించి మాట్లాడారు కానీ నాకు ఆందోళన కలిగించింది ఆ తెల్లవారుజాము చెమటలు. భోజనం మానేసి ఇన్సులిన్ వేసుకున్నప్పుడు షుగరు పడిపోయి ఉండవచ్చు. చెమట, వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి ఏది కలిగినా వెంటనే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చిన్న చెంచాల గ్లూకోజు పొడి, అంటే దాదాపు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే మరోసారి తాగండి. మీటరు అందుబాటులో లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా ముందు గ్లూకోజు తాగండి. ఆ డబ్బా మంచం పక్కనే ఉంచుకోండి. నమ్మశక్యం కాని అంకె వచ్చినప్పుడు చేతులు కడుక్కుని రెండోసారి చూడాలే తప్ప, భోజనం గానీ మోతాదు గానీ సొంతంగా మార్చకూడదు. ఈ సంగతి మీ డాక్టరుగారికి ఈ రోజే చెప్పండి.

చాలామంది పెద్దలకు పరగడుపున 80 నుంచి 130, తిన్న తరువాత 180 లోపు అన్నది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెప్పే లక్ష్యం. మీ వయసుకు, మీ ఆరోగ్యానికి ఏ అంకె తగినదో మీ డాక్టరుగారు నిర్ణయిస్తారు. ఇంకొక్క మాట. మీటరు కొన్నారని తెలియగానే ఇరుగుపొరుగు వారు మాకూ చూడమని వస్తారు. సూది మార్చినా సరే, మీ సూది పెన్నును మరొకరికి వాడవద్దు. హెపటైటిస్ బి వంటి జబ్బులు అలా అంటుకుంటాయి. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత పెట్టండి, చెత్త ఎత్తేవారి చేతికి గుచ్చుకోకూడదు.

తిరిగి తెనాలి నుంచి

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న సాయంత్రం మామిడిపండు కోసి, ఎడమ చేతిని సబ్బుతో కడిగి, కుడి చేతిని కొంగుతో మాత్రమే తుడిచి రెండూ చూశాను. ఎడమ ఉంగరపు వేలికి 149, కుడి ఉంగరపు వేలికి 231 వచ్చింది. రెండో అంకెను పుస్తకంలో రాసి కొట్టివేసి, పక్కన ‘మామిడి’ అని రాశాను. ఆదివారం నాటి 298 పక్కన కూడా అదే రాశాను. డాక్టరుగారికి ఫోను చేస్తే మోతాదు రెండు యూనిట్లు తగ్గించి, వారం రోజుల పాటు తెల్లవారుజామున మూడింటికి కూడా ఒకసారి చూడమన్నారు. ఈ రోజు మూడింటికి 104, ఆరింటికి 121 వచ్చింది. రెండుసార్లూ మొదటి పోటుకే చుక్క ఊరింది.