అప్‌డేట్: బిగుసుకుపోయిన చాక్లెట్ సంగతి

పోయిన వారం అడిగినా కదా, క్రిస్మస్‌కి పుదీనా రసం పోసి చాక్లెట్లు చేద్దామంటే కరిగిన చాక్లెట్ కాస్తా ఇసుక ముద్ద మాదిరి బిగుసుకుపోయింది, ఏం చేయాలా అని. మీరు చెప్పిందే నిజం, తప్పంతా రసంలోని నీళ్లది. నాలుగు చుక్కలు పడినా చాలంట, చక్కెర, కోకో పొడి ఆ తడికి అతుక్కొని ముద్ద కట్టేస్తాయి. పారేయలేదులెండి, వేడి పాలు కొంచెం కొంచెం పోసి తిప్పితే సాస్ అయింది, పిల్లోళ్లు దోసెల్లోకి నాకేసినారు.

రెండోసారి 200 గ్రాముల డార్క్ చాక్లెట్, 100 మిల్లీ ఫ్రెష్ క్రీమ్. క్రీమ్ వేడి చేసి తరిగిన చాక్లెట్ మీద పోసి, రెండు నిమిషాలు కదపకుండా వదిలేసి, నడిమధ్య నుంచి మెల్లగా తిప్పుకుంటా వస్తే అద్దం మాదిరి మెరిసింది చూడండి, అబ్బ! పుదీనా బదులు వంటలోకి వాడే పెప్పర్‌మింట్ ఆయిల్ వేసినా. మన పుదీనాలో ఆ చల్లదనం ఇచ్చే మెంథాల్ పెద్దగా ఉండదు, అందుకే మొదటిసారి చట్నీ వాసన కొట్టింది. కానీ చేయి జారి ఎక్కువ పడిపోయింది, మా జేజి ఒకటి నోట్లో వేసుకొని "ఏమ్మే, తలనొప్పి మందు మాదిరుందే" అనింది. ఇంకో 100 గ్రాముల చాక్లెట్, 50 మిల్లీ క్రీమ్ కలిపినాక దారికొచ్చింది. రెండు చుక్కలేసి రుచి చూసుకోండి, నా మాదిరి సీసా వంచొద్దు.

ఫ్రిజ్‌లో గంట పెట్టి, చేతులకి కోకో పొడి రాసుకొని ఉండలు చుట్టినా. మా కడపలో డిసెంబర్ మధ్యాహ్నం కూడా చేతిలో మెత్తబడిపోతాయి, అందుకే తెల్లారి చుట్టడమే మేలు. ఒక డబ్బా మరియాపురం చర్చి దగ్గరుండే ఫ్రెండ్‌కి పోయింది. కుక్కర్‌లో చేసిన కేక్ గురించి మాత్రం అడగొద్దు, అడుగంతా మాడింది.