పొట్టి బ్యారెల్ రైఫిల్‌ను ఇంట్లో తయారు చేసుకోవడం: అమెరికా చట్టం ఏమంటుంది?

ప్రశ్న:
నేను గ్రీన్ కార్డు మీద అమెరికాలో ఉంటున్నాను. చట్టబద్ధంగా కొన్న నా రైఫిల్‌కు 16 అంగుళాల కంటే పొట్టి బ్యారెల్‌ను ఇంట్లోనే అమర్చుకోవాలని ఆలోచిస్తున్నాను. ఇలాంటి ఆయుధం తయారీపై ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది కనుక ఇక దరఖాస్తు అక్కర్లేదని ఒక మిత్రుడు అంటున్నారు. అది నిజమేనా? అనుమతి వచ్చేలోగా బ్యారెల్ కొని ఇంట్లో ఉంచుకోవచ్చా? హెచ్-1బీ వీసాపై ఉన్న మా తమ్ముడు కూడా మాతోనే ఉంటున్నాడని చెప్పడం అవసరమనుకుంటున్నాను.

జవాబు 1:
మీ మిత్రుడు పన్నునూ అనుమతినీ ఒకటిగా భావిస్తున్నారు. 2025లో వచ్చిన చట్టం పొట్టి బ్యారెల్ రైఫిళ్లు, షాట్‌గన్‌లు, సైలెన్సర్ల వంటి వాటిపై పన్నును మాత్రమే తొలగించింది. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద రిజిస్ట్రేషన్ యథాతథంగా ఉంది. కాబట్టి వేలిముద్రలు, ఫొటో జతచేసి తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కు ఫారం 1 (తయారీ అనుమతి దరఖాస్తు) సమర్పించి, ఆమోదం చేతికి వచ్చిన తర్వాతే ఆయుధాన్ని ఆ రూపంలోకి మార్చాలి. ముందు తయారు చేసి ఆ తర్వాత నమోదు చేయించుకుందామంటే చట్టంలో దారి లేదు, ఎందుకంటే ఆమోదానికి ముందు తయారు చేయడమే నేరం. దానికి పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. పౌరసత్వం లేనివారికి ఇంకో ముప్పు కూడా ఉంది: ఆయుధ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపించివేసే అవకాశం ఉంటుంది.

ఆమోదం వచ్చాక తయారీదారుగా మీ పేరు, నగరం, రాష్ట్రం ఆయుధంపై చెక్కించాలి. ఆ చెక్కడం కనీసం 0.003 అంగుళం లోతు ఉండాలి. ఫ్యాక్టరీ వేసిన సీరియల్ నంబరునే వాడుకోవచ్చు.

జవాబు 2:
బ్యారెల్ విషయంలో తొందర పడవద్దని నా సలహా. పిస్తోలును రైఫిల్‌గా మార్చుకునే విడిభాగాలను దానితో కలిపి అమ్మిన థాంప్సన్/సెంటర్ ఆర్మ్స్ అనే తుపాకుల తయారీ సంస్థ కేసులో 1992లో సుప్రీంకోర్టు తీర్పు ఆ సంస్థకు అనుకూలంగానే వచ్చినా, దాని వెనుక ఉన్న తర్కాన్ని గమనించాలి: ఆ విడిభాగాలను చట్టబద్ధమైన ఆయుధంగా కూడా కూర్చవచ్చు కనుకనే ఆ సంస్థ గెలిచింది. నమోదు కావలసిన ఆయుధం తయారీకి తప్ప మరెందుకూ పనికిరాని భాగాలు ఒకచోట చేరితే, వాటిని బిగించకపోయినా తయారు చేసినట్టే పరిగణించే ప్రమాదం ఉంది. ఆ పొట్టి బ్యారెల్‌ను చట్టబద్ధంగా అమర్చుకోగల పిస్తోలు మీ దగ్గర లేకపోతే, ఆమోదం వచ్చేదాకా దాన్ని కొనకుండా ఉండడమే క్షేమం.

ఇది కేంద్ర చట్టం సంగతి. రాష్ట్ర చట్టం దీనికంటే కఠినంగా ఉండవచ్చు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి చోట్ల సామాన్య పౌరులకు పొట్టి బ్యారెల్ రైఫిల్ నిషిద్ధం. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో రాయలేదు, నిజానికి అడగవలసిన మొదటి ప్రశ్న అదే. మరో రాష్ట్రానికి ఆ రైఫిల్‌ను తీసుకువెళ్లాలన్నా ఏటీఎఫ్ అనుమతి ముందుగా పొందాలి.

జవాబు 3:
పై ఇద్దరూ మీ తమ్ముడి సంగతి ప్రస్తావించలేదు. నా దృష్టిలో చిక్కంతా అక్కడే ఉంది. హెచ్-1బీ వంటి వలసేతర వీసాపై ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఏ తుపాకినీ కలిగి ఉండరాదని ఫెడరల్ చట్టం చెబుతోంది. కలిగి ఉండడమంటే చేతిలో పట్టుకోవడం ఒక్కటే కాదు, తాళంచెవి తన దగ్గర ఉండి కావాలన్నప్పుడు తీసుకోగలగడం కూడా ఆ కిందికి రావచ్చు. నమోదైన ఆయుధం విషయానికి వస్తే, ఆమోదం మీ పేరున ఉంటుంది కాబట్టి మీరు లేనప్పుడు అది ఇంకొకరి అధీనంలో ఉండకూడదు. అందువల్ల సేఫ్ తాళంచెవి గానీ నంబరు గానీ ఆయనకు ఇవ్వకండి. కుటుంబమంతటి కోసం ట్రస్టు పేరున దరఖాస్తు చేద్దామని ఎవరైనా సూచిస్తే, 2016 నుంచి ట్రస్టులోని బాధ్యులందరూ వేలిముద్రలు, ఫొటోలు ఇవ్వవలసి వస్తోందని గుర్తుంచుకోండి. అందులో మీ తమ్ముడి పేరు చేర్చకండి. ఫారం నింపే ముందే ఆయుధ చట్టమూ ఇమ్మిగ్రేషన్ చట్టమూ రెండూ తెలిసిన న్యాయవాదిని ఒకసారి కలవండి.