పెళ్లికూతురు గుళ్లోకి వచ్చేటప్పుడు ఆర్గన్ మీద ఏం వాయించాలి?

కొరిటెపాడు_కుర్రాడు: అందరికీ వందనాలు. వచ్చే నెల మా చర్చి గుళ్లో మా చెల్లి పెళ్లి. నాన్న చెయ్యి పట్టుకుని లోపలికి నడిచేటప్పుడు 'హియర్ కమ్స్ ద బ్రైడ్' మార్చ్ వాయించాలని దాని ఆశ. మా ఆర్గనిస్ట్ అంకుల్ ససేమిరా అంటున్నారు, తెలుగు కీర్తనే వాయిస్తారట. మీ గుళ్లలో ఎలా చేస్తున్నారు?

పెడల్_తాత: ఆయన మాటే సబబు బాబూ. ఆ పాట వాగ్నర్ అనే జర్మన్ సంగీతకారుడి 'లోహెన్‌గ్రిన్' ఒపెరాలోది, అంటే పాటల నాటకంలోది. 1850లో మొదటిసారి ఆడారు. అందులో పెళ్లయ్యాక దంపతుల్ని పడకగదికి సాగనంపుతూ పాడతారు. ఆ రాత్రే వాళ్ల కాపురం చెడుతుంది. దేవుని సన్నిధిలోకి వచ్చే పిల్లకు అదా?

రూత్_సికింద్రాబాద్: తాతగారూ, ఆ కథ ఎవరికి గుర్తొస్తుంది? పెళ్లయి బయటికి వచ్చేటప్పుడు వాయించే మెండెల్సన్ మార్చ్ కూడా షేక్స్‌పియర్ నాటకం కోసం 1842లో రాసిందే. 1858లో విక్టోరియా రాణి పెద్ద కూతురి పెళ్లిలో వాయించాకే అందరూ దాని వెంట పడ్డారు. అది మీరు వాయించలేదా?

పెడల్_తాత: వాయించాను. అది బయటికి వెళ్లేటప్పుడు. నేను చెప్పేది లోపలికి వచ్చేటప్పటి సంగతి. పడకగది పాట పడకగది పాటే.

జాన్_ఒంగోలు: మా గుళ్లో ఆర్గన్ లేదు, కీబోర్డూ లేదు. పెన్‌డ్రైవ్ పెడతారు.

రూత్_సికింద్రాబాద్: ఆ ఒక్క మాట పట్టుకుని వదలరేం? నా పెళ్లి సంగతి వినండి. మా నాన్నకు సన్నాయి అంటే ప్రాణం. గుడి గుమ్మం దాకా మేళం పెట్టిస్తానంటే, అన్యుల వాయిద్యమని పాస్టర్ అయ్యగారు ఒప్పుకోలేదు. సన్నాయి వాళ్లు గేటు బయట వేపచెట్టు కింద కూర్చున్నారు. నాన్న కొత్త పంచెతో వెళ్లి, డబ్బు వాళ్ల చేతిలో పెట్టి పంపేసి వచ్చారు. ఆ మొహంతోనే నా చెయ్యి పట్టుకుని నడిచారు. సన్నాయి మనది కాదు, మార్చ్ మనది కాదు. పెళ్లి చేసుకునే పిల్ల మాట మాత్రం ఎవరూ అడగరు!

విజయ_విశాఖ: అక్కా, కోపం వద్దు. తాతగారు పెద్దవారు.

పెడల్_తాత: మీ నాన్నగారికి జరిగింది తప్పే అమ్మా. ఆ రోజు నేనుంటే అయ్యగారితో మాట్లాడేవాణ్ణి. నా బాధ కూడా విను. కాళ్లతో తొక్కే హార్మోనియం మీద 40 ఏళ్లు వాయించాను. అప్పట్లో 'దేవర నీ దీవెనలు' ఎత్తుకుంటే వెనక బెంచీలో ముసలమ్మ కూడా గొంతు కలిపేది. పిల్ల అడుగు చూసుకుంటూ తొక్కేవాణ్ణి. మేలిముసుగు బెంచీ మేకుకు తగులుకుని ఆగితే, చరణం మళ్లీ ఎత్తుకునేవాళ్లం. ఇప్పుడు మార్చ్ మొదలవగానే ఫోన్లు పైకి లేస్తాయి. ఒక్క నోరూ కదలదు. పదేళ్లలో కీర్తన వాయించమని ఒక్క పిల్లా అడగలేదు. వాగ్నర్ మీద నాకు పగేమీ లేదు.

రూత్_సికింద్రాబాద్: ఈ మాట ముందే చెప్పాల్సింది. అయినా నేను ఒప్పుకోను. కీర్తన కావాలని పిల్లకు అనిపించాలి. మార్చ్ వాయించనంటే అనిపిస్తుందా?

కొరిటెపాడు_కుర్రాడు: ఇదంతా చెల్లికి చదివి వినిపించాను. సన్నాయి దగ్గరికొచ్చేసరికి ఏడ్చింది. లోపలికి వచ్చేటప్పుడు మార్చే కావాలంటోంది. తాళి కట్టాక కీర్తన పెడితే అందరూ పాడతారా అని అడుగుతోంది తాతగారూ.

పెడల్_తాత: పాడతారు. శ్రుతి మరీ పైకి పెట్టొద్దని మీ అంకుల్‌కి చెప్పు, ఆడవాళ్లకు అందదు. పాట కాగితం ప్రతి బెంచీలో పెట్టించు.