'రోజాన్'లో డబ్బు ఇబ్బంది కథకు ఆధారమా, అలంకారమా?

ప్రశ్న: 1988లో ఏబీసీ టీవీ ఛానెల్‌లో మొదలైన అమెరికన్ హాస్య ధారావాహిక 'రోజాన్'ను ఈ మధ్యే చూడటం ప్రారంభించాను. ఇలినాయ్ రాష్ట్రంలోని లాన్‌ఫర్డ్ అనే కల్పిత పట్టణంలో ఉండే కానర్ దంపతుల లేమి మాటలకే పరిమితమా, కథను కూడా నడిపిస్తుందా? చివరి సీజన్ వద్దని కొందరు ఎందుకంటారు?

మొదటి జవాబు: కథను నడిపేదే అదండీ. ప్లాస్టిక్ కర్మాగారంలో పనిచేసే రోజాన్, కొత్త అధికారి ఒత్తిడి భరించలేక మొదటి సీజన్ చివర్లో తోటి కార్మికులతో కలిసి ఉద్యోగం వదిలేస్తుంది. ఆ తర్వాత సెలూన్‌లో ఊడవడం, హోటల్లో వడ్డించడం వంటి పనులతో ఇల్లు గడుస్తుంది. ఆమె భర్త డాన్ పెట్టిన మోటార్‌సైకిల్ దుకాణం మూతపడటంతో, అక్కడ పనిచేసే మార్క్‌తో పెద్దకూతురు బెకీ వెళ్లిపోతుంది. బిల్లు కట్టలేక కరెంటు పోయిన ఎపిసోడ్ తప్పక చూడండి. అందులో నవ్వు ఎవరినీ చిన్నబుచ్చదు.

రెండవ జవాబు: పై మాటతో ఏకీభవిస్తున్నాను, కానీ తొమ్మిదవ సీజన్‌లో ఆ కుటుంబానికి లాటరీ తగలడంతో ఆ బలమంతా పోయింది. ముగింపు తెలియకూడదనుకుంటే ఇక్కడే ఆగండి: డాన్ గుండెపోటుతో మరణించాడనీ, ఆ సంపదంతా రోజాన్ రాసుకున్న కల్పన అనీ 1997 నాటి చివరి ఎపిసోడ్ చెబుతుంది. 2018లో ధారావాహికను పునఃప్రారంభించినప్పుడు డాన్‌ను బతికించారు. ప్రధాన నటి రోజాన్ బార్ చేసిన జాత్యహంకార ట్వీట్ కారణంగా దాన్ని రద్దు చేశాక, ఆమె లేకుండానే దాని కొనసాగింపుగా 'ది కానర్స్' అనే ధారావాహిక 2025 వరకు సాగింది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఎనిమిదవ సీజన్ వరకు చూసి, ఆపై నిర్ణయించుకుంటాను.