రెండు షట్టర్లలో ఒకటి సొంత షాపు, ఒకటి అద్దెకు: పన్నులో ఏం తగ్గుతుంది?

హనుమకొండ కిరాణా:
అన్నలూ, నా పేరు మీద రోడ్డు పక్కన రెండు షట్టర్లున్నాయి, రెండూ ఒకే సైజు. ఒకదాంట్లో నా కిరాణా షాపు, ఇంకోటి నెలకు 18,000కు టైలర్‌కు ఇచ్చిన. మున్సిపాలిటీ పన్ను రెండింటికీ కలిపి ఏడాదికి 18,000, వీటి కోసం తీసుకున్న లోన్ మీద వడ్డీ 90,000 దాకా పోతోంది. మొన్న రంగులు, రేకులు, కరెంటు పనికి బాగానే ఖర్చయింది. ఇవన్నీ అద్దెలోంచి తీసేయొచ్చని ఒకాయన, ఏదీ రాదని ఇంకొకాయన. ఎవరి మాట నమ్మాలి?

పద్దు పుస్తకం:
ఇద్దరిదీ సగం సగమే నిజం తమ్ముడూ. రెండు షట్టర్లకూ ఒకే లెక్క కట్టకు, ముందు విడదియ్యి.

అద్దెకిచ్చినదాని మీద ఏడాదికి 2,16,000 వస్తోంది కదా, అందులోంచి ఆ షట్టర్ వంతు మున్సిపల్ పన్ను 9,000 తియ్యి (ఆ ఏడాదిలో నువ్వే కట్టి ఉండాలి, కిరాయిదారు కడితే రాదు). మిగిలిన 2,07,000లో 30 శాతం, అంటే 62,100, బిల్లులేమీ అడక్కుండానే తగ్గిస్తారు. రంగులు, రేకులు అన్నీ అందులోకే వస్తాయి, లక్షలు పెట్టినా విడిగా ఇవ్వరు, రూపాయి పెట్టకపోయినా ఆ 30 శాతం పోదు. తర్వాత లోన్ వడ్డీలో సగం 45,000 తీస్తే పన్ను పడేది 99,900 మీదే. కొత్త పన్ను విధానంలో కూడా ఇదంతా ఉంది, కాకపోతే వడ్డీ ఎక్కువై నష్టం వస్తే దాన్ని షాపు లాభంలో కలిపి తగ్గించుకోనివ్వరు.

హనుమకొండ కిరాణా:
మరి నా షాపున్న షట్టర్‌కు? నేను పూర్తి లెక్కలు రాయకుండా, అమ్మకాల్లో 8 శాతం లాభం చూపించి రిటర్న్ వేస్తున్న.

పద్దు పుస్తకం:
అలా వేస్తే ఆ 8 శాతంలోనే వడ్డీ, మున్సిపల్ పన్ను, డిప్రిసియేషన్ (కట్టడం పాతబడేకొద్దీ ఏటా తగ్గే విలువ) అన్నీ పోయినట్టే లెక్క, మళ్లీ విడిగా తీయడానికి లేదు. పూర్తి లెక్కలు రాస్తే మాత్రం వడ్డీలో మిగతా సగం, రిపేర్లు, కట్టడం విలువ మీద ఏటా 10 శాతం డిప్రిసియేషన్ వస్తాయి. స్థలం విలువ మీద రాదు, చాలామంది రెండూ కలిపేసి రాస్తారు.

సుబేదారి సార్:
డిప్రిసియేషన్ పేరు చెప్పగానే సంబరపడకండి. అది తీసుకున్న కట్టడాన్ని అమ్మితే, ఇరవై ఏళ్లు ఉంచుకున్నా కట్టడం మీద వచ్చిన లాభాన్ని షార్ట్ టర్మ్ కిందే, అంటే కొద్దికాలమే ఉంచుకుని అమ్మినట్టే చూస్తారు. 8 శాతం దారిలో వెళ్లినవాళ్లకు కూడా డిప్రిసియేషన్ తీసుకున్నట్టే లెక్కేసి కట్టడం విలువ తగ్గిస్తారు, ఇది ఎవరూ ముందు చెప్పరు.

ఇంకోటి, మీ షాపుకు మామూలు జీఎస్టీ నంబరుందా? ఉంటే టైలర్ అద్దె మీద కూడా 18 శాతం మీరే వేసి కట్టాలి. షాపు వేరు అద్దె వేరు అనుకుని వదిలేస్తే ఆనక నోటీసు, వడ్డీ, టెన్షన్.

హనుమకొండ కిరాణా:
నంబరుంది సార్, కాకపోతే కాంపోజిషన్‌లో (టర్నోవర్ మీద చిన్న శాతం మనమే కట్టే చిన్న వ్యాపారుల స్కీమ్) ఉన్న.

సుబేదారి సార్:
అయితే కిరాయిదారు దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు. అద్దెను కూడా టర్నోవర్‌లో కలిపి చూపాలి. ఏడాదికి 5 లక్షల లోపు అద్దె కాబట్టి స్కీమ్‌కు ఇబ్బంది లేదు.

మడిగె ఓనర్:
మున్సిపల్ పన్నులోనే డైరెక్టుగా తగ్గాలంటే ఏప్రిల్ 30 లోపు ఏడాదిది మొత్తం కట్టెయ్ అన్నా, 5 శాతం తగ్గింపు ఏటా ఇస్తున్నారు. పాత బకాయి మీద రాదు. రసీదులో రెండు షట్టర్లూ ఒకే నంబరు మీద ఉంటే, సగం సగం ఎలా పంచావో ఒక కాగితం మీద రాసి పెట్టుకో, అడిగినప్పుడు పనికొస్తుంది.