అరవయ్యేళ్లు పేపరు చదివిన నాన్నగారు వాట్సాప్‌ను ఎందుకు నమ్ముతున్నారు?

ప్రశ్న (కాకినాడ నుంచి)
మా నాన్నగారికి 74 ఏళ్లు. కాఫీ గ్లాసు పక్కన పేపరు లేకపోతే ఆయనకు తెల్లవారినట్టే ఉండదు. మొదటి పేజీ మొదలుకొని జిల్లా పేజీలోని శ్రద్ధాంజలి ప్రకటనల దాకా చదివి, రాత్రి 9 గంటలకు మళ్లీ టీవీ వార్తలు చూస్తారు. 22 ఏళ్ల మా అమ్మాయి పేపరు ముట్టుకోదు. అయినా వాట్సాప్‌లో వచ్చిన వరద వీడియో చూసి నాన్నగారు కంగారుపడితే, "తాతయ్యా, అది పాతది" అని చెప్పేది ఆమే. ఇంత చదువరి ఇలా ఎందుకు నమ్ముతున్నారు?

సమాధానం 1
నేను ఒక దినపత్రిక డెస్కులో చాలాకాలం పనిచేశాను. విలేకరి రాసిన వార్త సబ్ ఎడిటర్ చేతిలో, ఆపై డెస్క్ ఇన్‌ఛార్జి చేతిలో పడ్డాకే అచ్చుకు వెళ్లేది. తప్పులు దొర్లేవి, కానీ అడగడానికి ఒక చిరునామా ఉండేది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక, ఊళ్లో చెడిపోయిన బోరు సంగతి కూడా అచ్చులో కనిపించసాగింది. "పేపర్లో పడింది" అంటే నిజమన్న నమ్మకం అలా స్థిరపడింది. మీ నాన్నగారు ఆ నమ్మకాన్నే ఫోనుకూ ఇచ్చారు. అక్కడ సరిచూసేవారెవరూ లేరని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పైగా పంపినది పాత సహోద్యోగి అయితే అనుమానించడం మర్యాద కాదనిపిస్తుంది.

సమాధానం 2
నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. మా వయసువాళ్లం తెలివిగా ఉన్నామనుకోవడం తొందరపాటని నా అభిప్రాయం. ఆ వరద వీడియోను మేము ముందే చూసి ఉంటాం కనుక పట్టుకుంటాం, అంతే. అదే షేర్లలో పెట్టుబడి గురించో, జుట్టు రాలడం గురించో చక్కగా మాట్లాడే రీల్ వస్తే మేమూ నమ్మేస్తాం. 2016లో జియో వచ్చాక డేటా చవకై, వార్తను వెతుక్కునే పని తప్పింది, వచ్చినదే చూస్తున్నాం. మా ఊళ్లో నీటి పన్ను పెరిగిన సంగతి అమ్మ పేపర్లో చదివి చెబితేనే నాకు తెలిసింది.

సమాధానం 3
చాలాసార్లు చేతులు మారిన సందేశం పైన వాట్సాప్ రెండు బాణాల గుర్తు చూపిస్తుంది. నాన్నగారికి ముందు అది చూపించండి. అందరి ఎదుట తప్పు పట్టకండి, నొచ్చుకుంటారు.

ప్రశ్న అడిగినవారు (వారం తరువాత)
అమ్మాయే ఆయన పక్కన కూర్చుని ఆ గుర్తు చూపించింది. నిన్న సాయంత్రం ఆయన కళ్లజోడు సవరించుకుని, ఫోను ఆమె చేతికిచ్చి, "రెండు బాణాలున్నాయమ్మా, ఇది ఎక్కడిదో చూసిపెట్టు" అన్నారు. బదులుగా జిల్లా పేజీ మడిచి ఆమె ముందు పెట్టారు.